విత్తగణితం – ఆచార్యపదవి: లూయీ బషెలియే నియామక చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: స్టాక్ మార్కెట్ ధరల కదలికను సంభావ్యతా సిద్ధాంతంతో వివరించిన ఒక సిద్ధాంతవ్యాసం 1900లో పారిస్ విశ్వవిద్యాలయానికి సమర్పితమైంది. దాని రచయిత లూయీ బషెలియేకు స్థిరమైన ఆచార్యపదవి లభించడానికి మరో 27 సంవత్సరాలు పట్టింది. రెండు శాస్త్రాల సరిహద్దులో నిలిచే పరిశోధనను విశ్వవిద్యాలయాలు ఎలా అంచనా వేస్తాయో, ఆ అంచనాలో పొరపాటు ఎక్కడ జరుగుతుందో ఈ నియామక చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విత్తగణితం, సంభావ్యత, బషెలియే, ఆచార్యపదవి, అంతర్విషయ పరిశోధన.

1. ఉపోద్ఘాతం:

ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్‌గా వ్యవహారంలో ఉన్న విత్తగణితం షేర్లు, రుణపత్రాలు, ఆప్షన్ల ధరలను, వాటిలోని నష్టభయాన్ని గణితపద్ధతులతో అంచనా వేస్తుంది. దీన్ని బోధించే ఆచార్యునికి సంభావ్యతా సిద్ధాంతంలో పట్టు, మార్కెట్ వ్యవహారాలపై అవగాహన రెండూ ఉండాలి. ఎంపికలోని చిక్కు కూడా ఇక్కడే ఉంది. గణితజ్ఞుడు మొదటిదాన్ని పరీక్షించగలడు, అర్థశాస్త్రవేత్త రెండోదాన్ని పరీక్షించగలడు. ఆ రెండింటి కలయికలో పుట్టిన కొత్తదనాన్ని గుర్తించగలిగేవారు అరుదు. బషెలియే జీవితం దీనికి బలమైన నిదర్శనం.

2. సిద్ధాంతవ్యాసం – పరీక్షకుల అభిప్రాయం:

బషెలియే 1870లో ఫ్రాన్స్‌లోని లహావ్ర్ ఓడరేవు పట్టణంలో జన్మించారు. 1889లో తల్లిదండ్రులిద్దరూ మరణించడంతో చదువు ఆపి కుటుంబ వ్యాపారాన్ని చూసుకోవలసి వచ్చింది. 1892లో పారిస్ చేరి ఉన్నతవిద్య కొనసాగించారు. 1900 మార్చి 29న సోర్బోన్‌లో తన సిద్ధాంతవ్యాసాన్ని సమర్థించుకున్నారు. పోల్ ఆపెల్, ఆన్రీ పొయంకరే, జోసెఫ్ బూసినెస్క్ పరీక్షకులు.

పారిస్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ప్రభుత్వ రుణపత్రాలపై జరిగే ఆప్షన్ల వ్యాపారం ఆ పరిశోధనకు వస్తువు. కొనేవారు ధర పెరుగుతుందని, అమ్మేవారు తగ్గుతుందని ఆశిస్తారు. ఇద్దరి అంచనాలూ ఒకే ధర దగ్గర కలుస్తున్నాయి కాబట్టి ఏ పక్షానికీ సగటున లాభం మిగలదని ఆయన ప్రతిపాదించారు. దీని నుంచి ధర చెదిరే తీరును రాబట్టారు. ధరలోని చెదురు కాలానికి కాక, కాలపు వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. ఒక రోజులో ఆ చెదురు 1 రూపాయి అనుకుంటే, 4 రోజులకు 2 రూపాయలు, 9 రోజులకు 3 రూపాయలు అవుతుంది. ఈ వర్గమూల నియమాన్ని 1863లోనే జూల్ రెన్యో పేర్కొన్నారు. అయితే దాన్ని ఉష్ణప్రసార సమీకరణంతో ముడిపెట్టి సిద్ధాంతంగా నిలబెట్టినది బషెలియే. ద్రవంలోని సూక్ష్మకణాల చలనంపై ఐన్‌స్టీన్ ఇదే తరహా గణితాన్ని వెలువరించినది 1905లో.

పొయంకరే నివేదిక ప్రతికూలమైనది కాదు. బషెలియే పద్ధతిలోని స్వతంత్రతను అది మెచ్చుకుంది. అయితే అభ్యర్థులు మామూలుగా ఎంచుకునే విషయాలకు ఇది కొంత దూరమని కూడా పేర్కొంది. చివరకు వ్యాసానికి ‘చాలా గౌరవప్రదం’ అనే ఉన్నతశ్రేణి కాక ‘గౌరవప్రదం’ మాత్రమే లభించింది.

3. పదవి కోసం నిరీక్షణ:

1909 నుంచి బషెలియే సోర్బోన్‌లో జీతం లేని ఉపన్యాసకునిగా సంభావ్యతా సిద్ధాంతాన్ని, ఆర్థిక వ్యవహారాల్లో దాని వినియోగాన్ని బోధించారు. 1912లో సంభావ్యతపై గ్రంథం, 1914లో సామాన్య పాఠకుల కోసం మరో పుస్తకం ప్రచురించారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక 1919లో బెజాన్సోన్, 1922లో దీజోన్, 1925లో రెన్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు. ఎక్కడా స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు.

1926లో దీజోన్‌లో ఖాళీ అయిన పదవికి దరఖాస్తు చేశారు. అక్కడి ఆచార్యుడు మోరిస్ జెవ్రే ఆయన 1913 నాటి వ్యాసంలోని ఒక భాగంలో తప్పు ఉందని భావించి, ఆ భాగాన్ని పోల్ లెవీకి పంపారు. సంభావ్యతా సిద్ధాంతంలో అప్పటికే పేరున్న లెవీ దాన్ని తప్పేనని ధ్రువీకరించారు. మిగిలిన రచనతో కలిపి చదివితే ఆ భాగానికి వేరే అర్థం వస్తుందన్న సంగతి అప్పుడు పరిశీలనకు రాలేదు. పదవి మరొకరికి దక్కింది. 1927లో బెజాన్సోన్‌లో ఆచార్యుడయ్యేనాటికి బషెలియే వయసు 57 సంవత్సరాలు. 1937లో పదవీ విరమణ చేసి, 1946లో మరణించారు.

4. పునర్మూల్యాంకనం:

1931లో ఆంద్రే కోల్మగోరొవ్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో బషెలియే ప్రస్తావన చూశాక లెవీ ఆయన రచనలను మళ్లీ చదివారు. తన అంచనాకు క్షమాపణ చెబుతూ ఆయనకు లేఖ రాశారు. అర్థశాస్త్రవేత్తల దృష్టికి ఈ సిద్ధాంతవ్యాసం ప్రధానంగా 1950లలో, పాల్ శామ్యూల్‌సన్ ద్వారా వచ్చింది. 1964లో దాని ఆంగ్లానువాదం అచ్చయింది. 1973లో బ్లాక్, షోల్స్ వెలువరించిన ఆప్షన్ల ధర సూత్రానికి ఇది పూర్వరూపం.

బషెలియే రచన నిర్దుష్టమని దీని అర్థం కాదు. ఆయన నమూనాలో ధర సున్నాకంటే తగ్గే అవకాశం ఉంది. శామ్యూల్‌సన్ ధరల వ్యత్యాసానికి బదులు వాటి నిష్పత్తిని తీసుకుని దాన్ని సవరించారు. ఆనాటి గణితజ్ఞులు కోరిన కచ్చితత్వం కూడా ఆయన నిరూపణల్లో కొన్నిచోట్ల కొరవడింది. కనుక నాటి పరీక్షకుల సందేహాలన్నీ నిరాధారమైనవి కావు.

5. ముగింపు:

• 1900లో పరీక్షకులు వ్యాసం నాణ్యతతోపాటు అది ఏ శాస్త్రానికి చెందుతుందన్న ప్రశ్ననూ పరిగణించారు.

• 1926లో ఒక నిపుణుడు ఒక భాగాన్ని చూసి ఇచ్చిన అభిప్రాయం అభ్యర్థి పాతికేళ్ల కృషికి ప్రతికూలంగా పనిచేసింది. లెవీ సమర్థత ప్రశ్నార్హం కాదు. లోపం ఆయనను అడిగిన పద్ధతిలో ఉంది.

• భారతదేశంలో సహాయ ఆచార్యుల అర్హతలకు సంబంధించిన యూజీసీ 2018 నిబంధనలు సంబంధిత విషయంతోపాటు అనుబంధ విషయాన్నీ పేర్కొంటాయి. ‘అనుబంధం’ అనే మాట పరిధిని నిర్ణయించే బాధ్యత ఎంపిక సంఘాలది. అభ్యర్థి రచనను సమగ్రంగా, రెండు శాస్త్రాల నిపుణులతోనూ చదివించినప్పుడే ఆ నిర్ణయం న్యాయంగా ఉంటుంది.