16 గడుల్లో కాలిమాటి స్టేషన్

జంషెడ్‌పూర్‌కు వెళ్లేవారు దిగే టాటానగర్ స్టేషన్ పేరు 1919 దాకా కాలిమాటి. ఆ పాత పేరుతో ఒక చిన్న ఊరి స్టేషన్‌ను, 2015లో వచ్చిన 'సిటీస్: స్కైలైన్స్' కంప్యూటర్ ఆటలో మీరే కట్టాలనుకున్నారనుకోండి. ఆటలో ఒక గడి 8 మీటర్లు. భవనానికి ఇచ్చే స్థలం పొడవు 16 గడులు, అంటే 128 మీటర్లు. కాని 22 పెట్టెల రైలు, పెట్టెకు 24 మీటర్ల చొప్పున, 528 మీటర్లు! మరి అన్నిటినీ నాలుగో వంతుకు కుదిస్తే? రెండు మీటర్ల తలుపు అర మీటరై, ప్రయాణికుడి మోకాలి దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ప్లాట్‌ఫారం పొడవునే తగ్గించండి. తలుపు, బెంచీ, పసుపుపచ్చ పేరు బోర్డు అసలు కొలతల్లోనే ఉండనివ్వండి. కిటికీ చువ్వలను ఒక్కొక్కటిగా చెక్కనక్కర్లేదు, గోడ మీద బొమ్మగా అతికిస్తే చాలు. దూరం నుంచి చూసేటప్పటికి మరో మోటు నమూనా కూడా చేసిపెట్టండి, కంప్యూటర్‌కు భారం తగ్గుతుంది. అంత దూరం నుంచి బోర్డు మీది అక్షరాలు ఎలాగూ కనిపించవు.