ముద్ద తగ్గితేనే ముద్దు!

వేలూరు, గుడియాత్తం: పొద్దున్నే అవ్వ పెట్టే ఇడ్లీ ముక్క, టీ వేళకు బిస్కెట్టు, మధ్యాహ్నం పెరుగన్నం, బడి నుంచి వచ్చిన పిల్లలు వేసే మిక్చరు, రాత్రి నాన్న కంచంలోంచి చికెన్ ముక్క.. ఎవరికి వారు 'కొంచెమేగా' అనుకుంటారు. అన్నీ చేరేది మాత్రం ఒక్క పొట్టలోకే. గుడియాత్తంలోని మగ్గాల ఇళ్లలో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి పెట్టే చేతులూ ఎక్కువే. వేలూరు మేడ ఇళ్లలోనేమో తిండి సరే, తిప్పేవాళ్లే కరువు. ఎక్కడైనా ఒళ్లు పెరిగేది పాపం బుజ్జి కుక్కకే.

మనిషి రెండు కిలోలు పెరిగితే ఎవరూ పట్టించుకోరు. ఆరు కిలోలు ఉండాల్సిన కుక్క ఎనిమిదికి చేరితే మాత్రం మూడో వంతు బరువు అదనంగా మోస్తున్నట్లే!

ఎండతోనే ముప్పు

ఇక్కడ పొమేరియన్ అని పిలుచుకునే బొచ్చుకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివే. 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక పగ్‌లకూ గిరాకీ పెరిగింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితేనే వేడి బయటికి పోయేది. కొవ్వు పేరుకుంటే ఆ రొప్పడమే కష్టమవుతుంది. చప్పిడి ముక్కు పగ్‌కైతే మరీనూ. వేసవిలో 40 డిగ్రీలు దాటే వేలూరులో, అగ్ని నక్షత్రం రోజుల్లో వడదెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. మోకాలి చిప్ప జారడం వంటి చిన్న జాతుల జబ్బులూ బరువుతో ముదురుతాయి.

చేత్తో చూడండి

పక్కటెముకల మీద అరచేయి పెట్టి మెల్లగా తడమాలి. నొక్కకుండానే ఎముకలు తెలియాలి. పైనుంచి చూస్తే నడుం సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట పైకి లాగినట్లుండాలి. పశువైద్యులు దీన్నే తొమ్మిది అంకెల కొలతతో చూస్తారు. 4, 5 వస్తే సరైన ఒళ్లు. ఇక బరువంటారా.. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి, అందులోంచి మన బరువు తీసేస్తే సరి.

ఒక్క చెయ్యి.. ఒక్క గ్లాసు

ముందు పశువుల ఆసుపత్రిలో చూపించాలి. థైరాయిడ్ లోపం వల్లా ఒళ్లు రావచ్చు. ఆ తర్వాత రోజుకెంతో డాక్టరును అడిగి, ఒకే గ్లాసుతో కొలిచి, ఇంట్లో ఒక్కరే పెట్టాలి. మిగతావారు పెట్టదలిస్తే అందులోంచే తీయాలి. ఆరు కిలోలకు దిగాల్సిన కుక్కకు రోజుకు సుమారు 270 కేలరీలు చాలు. వంద గ్రాముల గ్లూకోజు బిస్కెట్లలోనే 450 దాకా ఉంటాయి! చిరుతిండి మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. బిస్కెట్టు బదులు ఉప్పు వేయకుండా ఉడికించిన బీన్సు, క్యారెట్ ముక్కలు ఇవ్వొచ్చు. సాంబారన్నం మాత్రం వద్దు. అందులోని ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది.

పస్తులు పెట్టడమూ తప్పే. వారానికి ఒంటి బరువులో ఒకటి, రెండు శాతం తగ్గితే చాలు. ఎనిమిది కిలోల కుక్క ఆరుకు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. నడక తెల్లారుజామున, పొద్దుగూకాకే. తారురోడ్డు మీద మన చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

బక్కచిక్కితే..

ఎముకలు బయటపడి కనిపిస్తుంటే తిండి పెంచడమొక్కటే మందు కాదు. నులిపురుగులు, గోమార్ల వల్ల వచ్చే జ్వరం, పుచ్చిన పళ్లు కారణం కావచ్చు. పరీక్ష చేయించాకే మేత పెంచాలి.

అమెరికాలో 48 లాబ్రడార్లను పుట్టిన కొత్తలోనే జోడీలుగా విడదీసి, ఒకదానికి పావు వంతు తిండి తగ్గించి పెంచారు. 2002లో వెల్లడైన ఫలితం ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. అవి పెద్ద జాతివే అయినా, కంచం దగ్గర తోక ఊపే మన బుజ్జికీ ఆ పాఠం వర్తిస్తుంది. ఈసారి ముద్దకు బదులు బంతి విసిరి చూడండి.. తోక అలాగే ఊపుతుంది.