కన్ఫ్యూషియస్ నాయకత్వ భావన – జైనూర్ ప్రాంత గ్రామసభ: అన్వయ పరిశీలన

1. ఉపోద్ఘాతం

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) రాచరిక కాలపు తాత్త్వికుడు. ఆయన నాయకత్వ భావన ఎన్నికల ప్రజాస్వామ్యానికి ఎంతవరకు అన్వయిస్తుంది? కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని గోండు గ్రామపాలన నేపథ్యంలో ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దగ్గరివారి సంతృప్తి, దూరపువారి రాక

సుపరిపాలనకు గుర్తేమిటని అడిగిన ఒక అధికారికి, దగ్గరివారు సంతోషించడం, దూరపువారు తరలిరావడం అనే అర్థంలో ఆయన బదులిచ్చినట్లు ‘లున్‌యు’ చెబుతుంది. 1940లలో ఈ మండలంలోని మార్లవాయిలో నివసించి పరిశోధించిన హైమండార్ఫ్ రచనల్లోని గోండు సమాజంలో దీనికి సామ్యం కనిపిస్తుంది. సాగుభూమి సమృద్ధిగా ఉన్న కాలంలో పట్ల (గ్రామపెద్ద) నడత నచ్చని కుటుంబాలు మరో గూడేనికి వెళ్లిపోగలిగేవి. పదవి సాధారణంగా వంశపారంపర్యమే అయినా, దాని గౌరవం ఊరు నిండుగా ఉండటంపై ఆధారపడేది. అడవులు రిజర్వు అయి, భూములు బయటివారి పరమయ్యాక ఆ దారి మూసుకుపోయింది. ఊరు విడిచే స్వేచ్ఛ పోయినచోట, ఊళ్లోనే ఉండి ప్రశ్నించే వేదిక అనివార్యమవుతుంది.

3. నామశుద్ధి – గ్రామసభ

పేరుకు తగిన నడత ఉండాలన్నదే నామశుద్ధి. షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను, ఆచారసిద్ధ వివాద పరిష్కార పద్ధతిని కాపాడుకొనే సామర్థ్యాన్ని గ్రామసభకు గుర్తించింది. అభివృద్ధి ప్రణాళికలను అది ఆమోదించాలి. నిధుల వినియోగాన్ని ధ్రువీకరించాలి. చర్చ లేకుండా తీర్మానాల పుస్తకంలో సంతకాలు మాత్రమే సేకరిస్తే అది పేరుకే గ్రామసభ. గోండి మాట్లాడేవారికి అర్థంకాని భాషలో తీర్మానం చదివి వినిపించినా అంతే. కన్ఫ్యూషియస్ దృష్టిలో ఇది కేవలం విధానలోపం కాదు. పాలన పట్ల నమ్మకానికే తగిలే దెబ్బ. ఆహారం, సైన్యం, నమ్మకం అనే మూడింటిలో చివరివరకు విడువరానిది నమ్మకమేనని ఆయన భావన.

4. పరిమితులు

నాయకుడు ఉత్తముడైతే ప్రజలు అతణ్ణి అనుసరిస్తారన్నారు కన్ఫ్యూషియస్. కాని ఉత్తముడు కానివాణ్ణి తొలగించే మార్గాన్ని వ్యవస్థగా రూపొందించలేదు. ఆయన పాలనాచింతనలో స్త్రీలకు చోటు లేదు. భారత రాజ్యాంగం 73వ సవరణ (1992) పంచాయతీలలో వారికి కనీసం మూడోవంతు స్థానాలు కేటాయించింది. కనుక ఆయన బోధను ఎన్నికకు ప్రత్యామ్నాయంగా గాక, ఎన్నికైనవారి నడతకు కొలమానంగా స్వీకరించడం సమంజసం.

5. ముగింపు

రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టేది కాదని, పెంపొందించుకోవలసిందని 1948 నవంబరు 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు. మర్యాద నిత్యాభ్యాసంతోనే అలవడుతుందన్న కన్ఫ్యూషియస్ భావన ఇక్కడ దానికి చేరువవుతుంది. చట్టం గ్రామసభకు అధికారమిచ్చింది. దాన్ని ప్రతి సమావేశంలోనూ ఆచరణగా మార్చవలసింది సర్పంచులు, పట్లలు, గ్రామస్థులే.