తెల్లబట్ట వ్యాధిని నిర్ణయించు నూతన పరీక్ష

గ్రామములలో స్త్రీలు నోట చెప్పుకొనుటకు సంకోచించు బాధలలో తెల్లబట్ట యొకటి. స్రావము కొంత యుండుట సహజమే. కాని అది పలుచనై, బూడిదవన్నె కలిగి, చేపల వాసన కొట్టుచున్నచో బాక్టీరియల్ వెజినోసిస్ అను వ్యాధి యేమోయని అనుమానింపవలెను. గర్భిణులకు ఈ వ్యాధి యున్నచో నెలలు నిండకమునుపే ప్రసవమగు ప్రమాదము హెచ్చును. హెచ్.ఐ.వి. సోకు అవకాశమును పెరుగును. కావున దీనిని ఉపేక్షింపరాదు.

ఆరోగ్యవతియగు స్త్రీ యోనియందు లాక్టోబాసిల్లస్ అను మేలుచేయు క్రిములు సాధారణముగా అధికముగా నుండును. పెరుగునకు పులుపునిచ్చు ఆమ్లమునే ఇవియు పుట్టించి, చెరుపుచేయు క్రిములను అదుపులో నుంచును. ఇవి తగ్గి, గార్డ్‌నెరెల్లా మొదలగు క్రిములు పెచ్చుపెరిగినపుడు వ్యాధి కలుగును.

పరీక్షయందలి చిక్కు ఇచ్చటనే యున్నది. గార్డ్‌నెరెల్లా ఆరోగ్యవంతులయందును కొంత యుండవచ్చును. క్రిమి కనబడినంతమాత్రమున వ్యాధి యున్నదని చెప్పుటకు వీలులేదు; ఏవి యెంత యున్నవో తెలియవలెను. 2020లో కరోనా వ్యాపించినపుడు మన పల్లెలు పేరు విన్న పి.సి.ఆర్. విధానమే ఇందుకును ఉపయోగపడుచున్నది. దూదిపుల్లతో తీసిన స్రావమునందలి క్రిముల జన్యుపదార్థమును యంత్రము అనేక రెట్లు పెంచి, మేలు క్రిములకును చెరుపు క్రిములకును గల పాళ్లను నిర్ణయించును. అమెరికాలో ఇట్టి పరీక్షకు 2016లో ప్రభుత్వానుమతి లభించినది. కొన్ని పరీక్షలకు నమూనాను ఆసుపత్రిలో స్త్రీ తానే తీసి ఈయవచ్చును. ఇవి బాధయున్నవారికే గాని అందరికిని చేయవలసినవి కావు.

యంత్రము లేనిచో వ్యాధి తెలియదని యెంచరాదు. 1983లో ఆమ్సెల్ మున్నగువారు నాలుగు గుర్తులు చెప్పిరి: పలుచని స్రావము, 4.5కు మించిన పి.హెచ్., క్షారము కలిపినపుడు చేపల వాసన, సూక్ష్మదర్శినిలో క్రిములంటిన కణములు. వీనిలో మూడున్నచో వ్యాధి నిర్ణయమగును. ఇందుకు రంగుమారు కాగితము, క్షారద్రావకము, సూక్ష్మదర్శిని, నేర్పరియగు పరీక్షకుడు చాలును. పరీక్ష లేనిచోట లక్షణములనుబట్టి మందులిచ్చుటయు గలదు. కాని బూజుజాతి క్రిములవలనను, ట్రైకోమొనాస్ వలనను తెల్లబట్ట కలుగును. వాని చికిత్సలు ఒక్కతీరుగా నుండవు.

పంచాయతీ సభ్యులకు మా మనవి యిది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ సంఘ సమావేశమున ఈ విషయమును చర్చింపుడు. ఆరోగ్యకేంద్రమున పై సాధనములు గలవో లేవో విచారింపుడు. స్త్రీలను చాటుగా పరీక్షించుటకు గది యేర్పడునట్లు చూడుడు. లోపల సబ్బుతో గాని మందునీళ్లతో గాని కడుగుట హానికరమని ఆశా కార్యకర్తలచే చెప్పింపుడు. ఈ వ్యాధిని బట్టి స్త్రీ నడతను శంకించుట అన్యాయము. సిగ్గు వీడి ఆమె వైద్యురాలిని చేరినగాని, ఎంత గొప్ప పరీక్షయు ఆమెకు అక్కరకు రాదు.