సింగపూర్ ఇంట్లో తరవాణి కుండ

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. సోనా మసూరితోనే పొయ్యి వెలిగే సింగపూర్ తెలుగిళ్లకు అది చిన్న వార్త కాదు. ఆగస్టు చివర సింగపూర్‌కు మినహాయింపు దొరికింది కానీ, ఆ కొద్ది వారాలూ గింజ విలువ అందరికీ తెలిసొచ్చింది. తినేదాంట్లో తొంభై శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకునే దేశమిది. గిన్నె అడుగున మిగిలిన జావ కూడా సముద్రం దాటి వచ్చిందే. అయినా 2023లో ఇక్కడ ఏడున్నర లక్షల టన్నుల ఆహార వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో మళ్లీ పనికొచ్చేలా మార్చింది 18 శాతమే.

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఈ బాధ ఉండేది కాదు. గంజి, కడుగునీళ్లు, మిగిలిన మెతుకులు తరవాణి కుండలోకి వెళ్లేవి. తెల్లారేసరికి పులిసిన ఆ నీళ్లలో చద్దన్నం, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. పొలానికి వెళ్లేవాళ్లకు అదే బలం.

ఆ కుండకు సింగపూర్ ఇంతగా నప్పుతుందని మనం ఆలోచించం. భూమధ్యరేఖకు డిగ్రీ దూరంలో ఉన్న ఊరిది. రాత్రిళ్లూ ఇరవై నాలుగైదు డిగ్రీల వేడి ఉంటుంది. పులుపు తేవడానికి ఏ ఉపాయమూ అక్కర్లేదు. అయితే ఆ వేడే ప్రమాదం కూడా. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. అందుకే జావ మిగిలిందనగానే వెడల్పాటి పళ్లెంలో చల్లార్చాలి. రెండు గంటలు దాటకముందే కాచి చల్లార్చిన నీళ్లు జావకు రెండింతలు, గరిటెడు పుల్ల మజ్జిగ కలిపి మూత పెట్టాలి. మజ్జిగ తొందరగా పులుపెక్కిస్తుంది. చెడ్డ క్రిములకు ఆ పులుపు గిట్టదు. రాత్రి కలిపితే పొద్దున్నే ఫ్రిజ్‌లోకి. జిగురు సాగినా, వాసన తేడాగా ఉన్నా పారబోయడమే, మొహమాటం వద్దు.

ఇక తరవాణి పైన తేరిన తేటలోకి అల్లం, ఉప్పు, కరివేపాకు. నిమ్మకాయ బదులు ఇక్కడ కుండీల్లో కాసే చిన్న నిమ్మ లిమావ్ కస్తూరి పిండితే పానీయానికి ఈ ఊరి వాసన వస్తుంది. గంజి ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. టియోచూ చైనీయులది పలచటి జావ. రంజాన్ నెలలో కంపాంగ్ గ్లామ్‌లోని సుల్తాన్ మసీదులో పంచేదీ జావే.

తోట మాటకొస్తే, జనాభాలో ఎక్కువమందికి ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లే ఇళ్లు, నేల ఎక్కడిది? 2005లో మొదలైన కమ్యూనిటీ ఇన్ బ్లూమ్ అనే తోటల పథకం కింద ఇప్పుడు రెండు వేలకు పైగా ఉమ్మడి తోటలున్నాయి. కొన్ని పార్కుల్లో మీటరు వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు మడి అద్దెకిస్తారు. 2020 జూన్‌లో కోవిడ్ వేళ ప్రభుత్వమే ఇళ్లకు కూరగాయల విత్తనాలు పంచింది. ఉమ్మడి తోటల్లో రోసెల్ అని పెంచే మొక్క మన గోంగూరే. మనం ఆకు కోసి పచ్చడి నూరుకుంటాం. ఇక్కడివాళ్లు కాయను కప్పి ఉండే ఎర్రటి తొడిమ రేకుల్ని మరిగించి తాగుతారు. ఒకే మొక్క నుంచి అదీ ఇదీ తీసుకోవచ్చు. రేకుల కషాయానికి బెల్లం చేర్చి తరవాణి తేటలో కలపండి, పిల్లలు సోడా అడగరు. శంఖుపుష్పం నీలం నీళ్లలో నిమ్మరసం పడగానే ఊదారంగు తిరగడం వాళ్లకు మరో సంబరం. ఉమ్మడి తోటలో అడగకుండా ఆకైనా తుంచకూడదు సుమా.

మిగిలిన జావతో వడియాలు పెడదామంటే మాత్రం ఇక్కడ మొండికేస్తాయి. గాలిలో తేమ ఎక్కువ, చెప్పాపెట్టకుండా వాన. డిసెంబరు, జనవరిలైతే మరీను. పట్టుబట్టి ఆరబెట్టి బూజు పట్టించడం కంటే చిక్కటి జావను సర్వపిండికి వాడుకోవడం మేలని నా నమ్మకం. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, తరిగిన తోటకూర. వీటిని నీళ్లతో కాకుండా పులియని జావతోనే ముద్ద చేయాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె రాసి పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో నూనె చుక్క వేసి సన్నటి సెగమీద మూత పెట్టాలి. జావలోని పిండిపదార్థం వల్ల ముద్ద విరగదు. అడుగు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది.