ఫోనులో కిబ్లా బాణం - మస్జిదులో సఫ్

నేడు మన ఇళ్లలోకి ప్రవేశించిన కొత్త విద్యల్లో ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ ఒకటి. ఫోను కెమెరాలో కనిపించే దృశ్యంపై అక్కడ లేని బొమ్మనో, గుర్తునో చేర్చి చూపడమే ఈ విద్య. సోఫా కొనకముందే అది మన గదిలో ఎలా ఉంటుందో చూసుకుంటున్నాం. తెలియని వీధిలో బాణం గుర్తులను బట్టి నడుస్తున్నాం. ఇదే పద్ధతిలో కిబ్లాను చూపే సౌకర్యాన్ని గూగుల్ సంస్థ 2017లో విడుదల చేసింది. ఇప్పుడు ఇలాంటి యాప్‌లు అనేకం ఉన్నాయి.

ప్రయాణంలో, లాడ్జి గదిలో, ఆసుపత్రిలో ఇది ఎంతో మేలు చేస్తుంది. కిబ్లా కోసం శాస్త్రాన్ని ఆశ్రయించడం ముస్లింలకు కొత్త కాదు. గజ్నీ పట్టణపు కిబ్లాను లెక్కగట్టేందుకు అల్ బీరూనీ 11వ శతాబ్దంలో ఒక గ్రంథమే రచించాడు.

అయితే తరాలుగా నమాజు జరుగుతున్న మస్జిదులో ఒక యువకుడు ఫోను పైకెత్తి, “మన సఫ్ వంకరగా ఉంది, ఇన్నాళ్ల నమాజులు ఏమైనట్టు?” అంటే పెద్దల మనసు కలుక్కుమంటుంది. జమాఅత్ రెండుగా చీలే ప్రమాదం కూడా ఉంది. కనుక ఆ బాణం ఎలా వస్తుందో మనం తెలుసుకోవాలి.

మనం ఉన్న చోటును బట్టి మక్కా ఏ కోణంలో ఉందో ఫోను లెక్కిస్తుంది. హైదరాబాద్ నుంచి కిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. ఈ లెక్కలో పొరపాటు దాదాపు ఉండదు. కానీ ఉత్తర దిక్కును ఫోను తనలోని దిక్సూచితో కనుక్కుంటుంది. ఇనుప బీరువా, లౌడ్‌స్పీకరులోని అయస్కాంతం దగ్గరుంటే దిక్సూచి తప్పుతుంది, దాంతో బాణమూ తప్పుతుంది.

సరిచూసుకునే మార్గాన్ని అల్లాహ్ ఆకాశంలోనే ఉంచాడు. ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2.48కి, జూలై 15, 16 తేదీల్లో 2.57కి సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటాడు. ఆ సమయంలో మనకు సూర్యుడు కనిపించే దిక్కే కిబ్లా.

కాబాను కళ్లారా చూస్తున్నవారు సరిగ్గా దానికే అభిముఖులు కావాలి. దూరాన ఉన్నవారికి ఆ దిక్కు చాలునని, 45 డిగ్రీల లోపు తేడా నమాజును చెరపదని హనఫీ పండితులు చెప్పారు. అంటే మన తాతముత్తాతల నమాజుల గురించి బెంగ అక్కర్లేదు. కొత్త మస్జిదుకు పునాది వేసేటప్పుడు మాత్రం కొలత జాగ్రత్తగా చూడాలి. పాత మస్జిదు విషయంలో సందేహం కలిగితే ఇమాం సాహెబుకు, కమిటీ పెద్దలకు నెమ్మదిగా విన్నవించాలి. సఫ్ మధ్యలో వాదన తగదు.

ముఖాలను తూర్పుకో పడమరకో తిప్పినంత మాత్రాన పుణ్యం పూర్తికాదని, విశ్వాసం, బంధువులకు, అనాథలకు సాయం, ఇచ్చిన మాట నిలుపుకోవడం అందులో భాగమని సూరా బఖరా బోధిస్తోంది. ఫోను మన ముఖానికి దిక్కు చూపగలదు. మనసును తిప్పుకోవలసింది మనమే. అల్లాహ్ మన సఫ్‌లను, మన హృదయాలను కలిపి ఉంచుగాక! ఆమీన్.