మారులా మద్యము: వనఫలమునుండి విపణి వరకు

దక్షిణాఫ్రికా అడవులలో ఎవరును నాటకయే పెరుగు వృక్షములలో మారులా ముఖ్యమైనది. శాస్త్రజ్ఞులు దీనిని స్క్లెరోకార్యా బిర్రియా అని వ్యవహరింతురు. దీని పండ్లనుండి తీసిన సారాయిని పాలమీగడతో కలిపి చేసిన ‘అమరులా’ అను తీపి మద్యము 1989లో విపణికి వచ్చినది. నేడది అనేక దేశములలో విక్రయింపబడుచున్నది. 1860లో ట్రూరో నౌకపై మద్రాసునుండి నేటాలు తీరమునకు చేరిన తొలి శ్రామికులలో తెలుగువారు పెక్కురు. వారి సంతతివారు 1931లో ఆ దేశమున ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అందువలన మారులా వృక్షము తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. తాటికల్లు, ఈతకల్లు, ఇప్పసారా ఎరిగిన జాతికి ఈ పండు కథ వినదగినది. ఊరివారి ఉమ్మడి సొత్తయిన వనఫలము సీసాలోనికి చేరునప్పుడు దాని ఫలితము ఎవరికి దక్కునను ప్రశ్న ఇందు ఇమిడియున్నది.

మారులా వృక్షము మామిడి, జీడిమామిడి వృక్షముల కుటుంబమునకు చెందినది. తెలుగుసీమలోని అంబాళము, గుంపెన చెట్లు దీనికి మరింత దగ్గరి చుట్టములు. ఇందు పోతుచెట్లు, పెంటిచెట్లు వేరువేరు, పెంటిచెట్టే కాయును. జనవరి మొదలు మార్చి వరకు కాయలు పచ్చిగానుండగనే నేలరాలి, నేలమీదనే పసుపువన్నెకు తిరిగి పండును. తోలు దళసరి, గుజ్జు తెలుపు, రుచి పులుపుతో కూడిన తీపి. ఇందు సి విటమిను నారింజయందుకంటె అధికము. గట్టి టెంకలోని పప్పు నూనెగలది. మన సారపప్పువలె తినదగినది. టెంకను పగులగొట్టి పప్పు తీయుట మిక్కిలి ఓర్పుతో కూడిన పని. దానిని సాధారణముగా స్త్రీలే చేయుదురు.

ఈ పండునుండి పానీయము చేయుట క్రొత్త సంగతి కాదు. ఉత్తర ప్రాంతములందలి సోంగా జాతి స్త్రీలు పండ్లను పిండి, ఆ రసమును కుండలలో కొన్ని దినములు పులియబెట్టుదురు. ఎస్వాటినీ రాజ్యమున దీనిని బుగాను అందురు. అచ్చట ఏటేట రాజమాత సన్నిధిని బుగాను ఉత్సవము జరుగును. ఈ కుండపానీయము నిలువ యుండదు. ఆనాటిది ఆనాడో మరునాడో త్రాగవలసినదే. కావున పూర్వము దానిని అమ్ముట అరుదు; బంధువులకు, ఇరుగుపొరుగువారికి, పనికి తోడువచ్చినవారికి పోయుటయే ఆచారము. తెలుగు పల్లెలలో తొలకరి పంటను పంచుకొను తీరు దీనిని పోలియుండును.

అమరులా తయారగు విధము వేరు. లింపోపో ప్రాంతపు గ్రామస్థులు అడవిచెట్లక్రింద రాలిన పండ్లను ఏరి ఫలబోర్వా పట్టణమునకు చేర్చి, తూకమునకు తగిన పైకము పుచ్చుకొందురు. అచ్చట గుజ్జును టెంకలనుండి వేరుచేయుదురు. గుజ్జును పులియబెట్టి, బట్టిపట్టి, ఆ సారాయిని ఓకు కొయ్య పీపాలలో రెండేండ్లు నిలువయుంచుదురు. పిదప దానికి చక్కెరను, తాజా మీగడను చేర్చుదురు. తుది పానీయమున ఆల్కహాలు నూటికి 17 పాళ్లు.

ఇచ్చట ఒక సందేహము కలుగును. సారాయి తగిలినంతనే పాలు విరుగును గదా, మీగడ ఎట్లు నిలుచును? మీగడను అధిక పీడనముతో సన్నని రంధ్రములగుండ పంపినచో కొవ్వు బిందువులు అతిసూక్ష్మములగును. పాలలోని కేసీను అను మాంసకృత్తు ప్రతి బిందువును పొరవలె కప్పి, అవి ఒకదానితోనొకటి అంటుకొని పైకి తేలకుండ కాపాడును. పులుపు మితిమీరకుండ చూచుటయు అవసరమే. ఆల్కహాలు సూక్ష్మజీవులను పెరుగనీయదు. ఈ విధమైన పానీయములలో మొదట ప్రసిద్ధికెక్కినది 1974లో వెలువడిన ఐర్లండు దేశపు బెయిలీస్. ఆ విద్యయే ఆఫ్రికా పండునకు ఉపయోగపడినది. రెండు దినములకు మించి నిలువని రసము సముద్రములు దాటగల సరకైనది.

సీసాపైని ఏనుగు బొమ్మకు ఒక జనశ్రుతి ఆధారము: రాలిన మారులా పండ్లను మెక్కి ఏనుగులు మత్తిల్లునట. 2006లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఏనుగు శరీరభారమును, పండ్లలోని ఆల్కహాలును లెక్కించి ఇది సంభవము కాదనిరి. 2020లో వెలువడిన మరియొక పరిశోధన, ఆల్కహాలును అరిగించు ఒక జన్యువు ఏనుగులలో పనిచేయుట లేదనియు, మనుష్యుని కొలతతో వాని మత్తును లెక్కించుట సరికాదనియు సూచించినది. కావున ఈ వాదము ఇంకను తెగలేదు. బొమ్మ మాత్రము వ్యాపారమునకు బాగుగ తోడ్పడినది.

కుండకును సీసాకును నడుమ చట్టము నిలిచియున్నది. నేటాలులో 1908లో వచ్చిన చట్టము ననుసరించి డర్బను పురపాలకులు ఆఫ్రికనులకు బీరు కాచి అమ్ము హక్కును తమకే ఉంచుకొనిరి. ఇంట జొన్నబీరు కాచుకొను స్త్రీ నేరస్థురాలైనది. ఆ అమ్మకపు రాబడి పురపాలక ఖజానాకు చేరెను. 1959 జూనులో డర్బను నగరపు కేటో మేనరులో ఆఫ్రికను స్త్రీలు ఈ బీరుశాలలపై తిరుగబడిరి. ఆ పేటలో భారతీయులును చిరకాలము నివసించిరి గనుక నేటాలు తెలుగువారి పెద్దలకు ఈ ఉదంతము తెలియనిది కాదు.

స్వదేశమునను చరిత్ర ఇట్టిదే. హైదరాబాదు సంస్థానమున నాటుసారాకు ముఖ్యమైన ముడిపదార్థము ఇప్పపూవు. తెల్లవారుజామున చెట్లక్రింద రాలు పూవును ఏరువారు అడవిబిడ్డలు. సారాపై రాబడి పొందినది అబ్కారీ శాఖ. 1316 ఫసలీ నాటి అబ్కారీ చట్టము సంస్థానమంతటికిని వర్తించినది. నేటి కర్ణాటకమందలి బీదరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక హుల్సూరు వంటి గ్రామములును ఆ చట్టమునకు లోబడియే యుండెను. పిమ్మట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. కర్ణాటకమున 2007 జూలై 1న సారా అమ్మకము నిలిచినది. త్రాగుడు సంసారములను కూల్చునని ఎరిగిన స్త్రీల ఆవేదన ఇందు ప్రధానము; దానిని తక్కువచేసి చూడరాదు. అయినను నిషేధము వలన పూవు ఏరు చేతులకు వేరు జీవనాధారము ఏర్పడలేదు.

ఇటీవలి చట్టములు ఈ లోపమును కొంత గుర్తించినవి. దక్షిణాఫ్రికా 1998 నాటి అటవీ చట్టము క్రింద మారులాను రక్షిత వృక్షముగ ప్రకటించినది. అచ్చటి 2004 నాటి జీవవైవిధ్య చట్టమును, భారతదేశపు 2002 నాటి జీవవైవిధ్య చట్టమును, జీవసంపదవలన కలుగు లాభములో స్థానికులకు భాగముండవలెనను సూత్రమును అంగీకరించినవి. జీడిమామిడి పండునుండి చేయు గోవా ఫెనీకి 2009లో భౌగోళిక సూచిక లభించినది. ఆ పేరు ఏ ఒక్క వర్తకుని సొత్తును కాదు. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యముగ గుర్తించి, ఆదివాసి సంఘములకు తయారీ హక్కును ఒసగ పూనుకొన్నది.

అమరులా కీర్తిలో పీపాకును, మీగడకును, ఏనుగు బొమ్మకును భాగమున్నది. పండు ఏరిన స్త్రీకి దక్కినది తూకపు వెల మాత్రమే. సీసాపైని పేరు, దానివలని లాభము సంస్థవి. ఇప్పపూవు మద్యముగనే కాక, లడ్డుగను, నూనెగను నేడు విపణిని చేరుచున్నది. దానికి పేరు పెట్టు హక్కు, వెల నిర్ణయించు హక్కు పూవు ఏరువారి సంఘములయందే నిలుచునట్లు ముందుగనే జాగ్రత్తపడుట మేలు. సీసా ప్రసిద్ధికెక్కిన పిదప ఆ హక్కును తిరిగి అడుగుట కష్టమని మారులా కథ తెలుపుచున్నది.